సైగాన్ నూకలు

రోడ్డు దాటించింది నేను కాదు, అమ్మ.

బెన్ తాన్ మార్కెట్ ఎదురుగా ఫుట్‌పాత్ అంచున మేం 22 మందిమి నిలబడిపోయాం. గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు నుంచి సంక్రాంతి సెలవుల్లో టూరుకొచ్చిన బృందం. ముందు మోటార్ సైకిళ్ళ ఏరు. ఏరు అంటే నిజంగా ఏరే, ఎక్కడా తెంపు లేదు. గైడ్ కుర్రాడు చెప్పాడు: పరిగెత్తకండి, మధ్యలో ఆగకండి, వెనకడుగు అసలు వెయ్యకండి, ఒకటే నడకన పొండి, బండ్లే మిమ్మల్ని చూసి తప్పుకుంటాయి. అందరం తలలూపాం. ఒక్కరూ కదల్లేదు. పెద్దాయన ఒకాయన "ట్యాక్సీ మాట్లాడండి, అవతలికి దింపుతాడు" అన్నాడు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "పద. ఇది మన హైవే కన్నానా" అంది.

అమ్మకి 61. పెదకాకానిలో మా పల్లె ఒక పక్క, అమ్మ పనికి పోయే చేలు ఇంకో పక్క, మధ్యలో మద్రాసు–కలకత్తా రోడ్డు. మా చిన్నప్పుడు ఐదో నెంబరు హైవే, ఇప్పుడు పదహారు. మిరప కోతకి పోవాలంటే దాన్ని దాటాలి. పొద్దున చీకటితో ఒకసారి, సాయంత్రం మసకలో ఒకసారి, చంకన సద్దిగిన్నెతో టిక్కీలేసుకుని పోయే లారీల మధ్య నలభై ఏళ్ళు దాటిన మనిషి. సైగాన్ బండ్లు ఆమెకి ఒక లెక్కా? చూపు తిప్పకుండా, అడుగు మార్చకుండా, కలుపు తీసే సాలులో నడిచినట్టు నడిచింది. ఏరు రెండుగా చీలి మా ముందూ వెనకా పోయింది. అవతలి గట్టుకి చేరి వెనక్కి చూస్తే మా బృందం ఇంకా అక్కడే ఉంది. అమ్మకి నవ్వాగలేదు.

పోయిన వారం రాస్తానన్న సైగాన్ సంగతి ఇదే. 1976 నుంచి దాని పేరు హోచిమిన్ సిటీ. అక్కడి జనం మాటల్లో మాత్రం ఇంకా సైగానే, అందుకని నేనూ సైగాన్ అనే రాస్తా.

నాకు వియత్నాం ముందు ఒక మాటగా తెలుసు, తర్వాతే దేశంగా. నా పరిశోధన 1965 తర్వాత తెలుగు కవిత్వం మీద. దిగంబర కవులు, 1970లో పుట్టిన విరసం, వాటి చుట్టూ వచ్చిన పత్రికలు, కరపత్రాలు, మా యూనివర్సిటీ లైబ్రరీలో దుమ్ము దులిపి చదివాను. వియత్నాం అన్న మాట తగలని సంచిక తక్కువ. మన కవులకి అదొక ఊతపదం, ఒక పిడికిలి. చదువుతున్నప్పుడు ఒళ్ళు పులకరించేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత ఒక అనుమానం పట్టుకుంది. మెకాంగ్ ఒడ్డున కాలే గుడిసె ఇంత బాగా కనపడ్డ కళ్ళకి సొంత ఊరి చివర గుడిసె ఎందుకు ఆనలేదు? ఆనడానికి 1985 జులై దాకా, కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ మారణకాండ అయ్యేదాకా ఆగాల్సొచ్చిందా? అందరినీ అనట్లేదు. శివసాగర్ పేరుతో రాసిన కె.జి. సత్యమూర్తి మనవాడే, ఆ గుడిసే ఈ గుడిసే రెండూ తెలిసినవాడే. మిగతా వాళ్ళ లెక్క మా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఉంది, ఇక్కడ వద్దు.

అమ్మకి ఈ గొడవలేం తెలియవు. గుణదల తిరనాళ్ళు, ఒకసారి వేళాంగణి, అంతే ఆమె చూసిన లోకం. "ఒక్కసారి విమానం ఎక్కించమ్మా" అని ఎప్పుడో అంది. ఈసారి ఇద్దరికీ డబ్బులు కట్టాను. పాస్‌పోర్టుకి వేలిముద్రలు తీసేటప్పుడు యంత్రం మూడుసార్లు తిప్పి కొట్టింది. పత్తి తీసి, మిరపకాయ కోసి, తొడాలు తీసి అమ్మ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ తను పట్టుకుని అదిమితే పడ్డాయి. "చూశావా, నాకు గీతలు గూడా మిగల్చలా" అని అమ్మ దారంతా అదే చెప్పి నవ్వింది.

చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి కౌలాలంపూర్ మీదుగా విమానం. భోగి నాడు రాత్రి దిగాం.

నా దగ్గర పదివేల రూపాయలు మారిస్తే 28 లక్షల చిల్లర డాంగ్‌లొచ్చాయి. అమ్మ చేతిలో అయిదు లక్షల నోటు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గెడ్డం తాత ఎవురు?" అంది. హోచిమిన్ అని, తెల్లవాళ్ళని వెళ్ళగొట్టిన మనిషని చెప్పాను. "మన అంబేద్కర్ లాగానా?" అంటే ఏం చెప్పాలో తోచలేదు. అట్లా కాదు కానీ వీళ్ళకి అంత మనిషి అన్నాను. "మన నోటు మీద ఆయన్ని ఎప్పుడేస్తారో" అని నోటు మడిచి రవికలో పెట్టుకుంది.

ఊరి సంగతి చెప్పాలి. 70 లక్షలకు పైగా మోటార్ సైకిళ్ళున్న నగరం అది. ఒక బండి మీద నలుగురు, ఒక బండి మీద గ్యాస్ సిలిండర్లు, ఒక బండి మీద నిలువెత్తు పూలచెట్టు కుండీతో సహా. రెండు వారాల్లో వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్. పసుపుపచ్చ మై పూల చెట్లు ఎక్కడ చూసినా బండ్ల మీద ఊరేగుతున్నాయి. మా పెదకాకాని శివాలయానికి కొత్త బండ్లు పూజకి తెస్తారు కదా, టైర్ల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి దండలు. ఊళ్ళో బండ్లన్నీ ఒకేరోజు పూజ చేయించుకుని వీధిలో పడ్డట్టుంది సైగాన్. అయితే ఒక చిత్రం. ఎర్రలైటు పడితే ఆ ఏరు టక్కున ఆగుతోంది. గైడ్‌ని అడిగితే 2025 జనవరి 1 నుంచి జరిమానాలు పెంచేశారని, సిగ్నల్ దాటితే మోటార్ సైకిల్‌కి 40 నుంచి 60 లక్షల డాంగ్‌లని చెప్పాడు. అది చాలామందికి నెల సంపాదనలో పెద్ద ముక్క. "నిన్నమొన్నటిదాకా మేమూ మీలాగే" అన్నాడు. మీలాగే అన్న ముక్క మా వాళ్ళలో కొందరికి నచ్చలేదు.

ఇప్పుడు పీటల దగ్గరికొస్తా.

సైగాన్ రోడ్డు మీద తింటుంది. పొద్దున ఐదింటికే ఫుట్‌పాత్‌ల మీద ప్లాస్టిక్ పీటలు పరుస్తారు. ఎర్రవి, నీలంవి, జానెడున్నర ఎత్తు. వాటి ముందు అంతకంటే కాస్త ఎత్తు బల్లలు. బ్యాంకు మేనేజరు, స్కూలు పిల్ల, కూలి, లిప్‌స్టిక్ వేసుకున్న ఆఫీసు అమ్మాయి, అందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని గిన్నెలోకి వంగి తింటుంటారు. కుర్చీ కావాలనే వాడు లేడు.

మా వాళ్ళకి అదే కష్టమైంది. ఒకాయనకి మోకాళ్ళు వంగవు, ఒకావిడకి చీర పాడవుతుంది, ఇంకొకాయన కూర్చున్నాక లేవలేక ఇద్దరు చేతులు పట్టి లాగాల్సొచ్చింది. నేను కూడా, లెక్చరర్‌ని కదా, పన్నెండేళ్ళుగా కుర్చీలో కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయి. అమ్మ మాత్రం వెనక్కి చూడకుండా, చేత్తో తడమకుండా, సరిగ్గా పీట మీదకే దిగింది. పాదాలు రెండూ నేలకి ఆనించి, కొంగు ఒళ్ళో దోపుకుని. ఆ నగరంలో పుట్టినదానిలా ఉంది.

నాకు ఆ కూర్చోవడం తెలుసు. కామందుల ఇంటి ముందు కూర్చునే పద్ధతది. వాకిట్లో, వసారా అరుగు కింద, నేల మీద. కూలి డబ్బులకి పోయినప్పుడు గంట కూర్చోబెట్టేవాళ్ళు. అరుగు మీద పడక్కుర్చీ, కింద అమ్మ, అమ్మ పక్కన నేను. కాఫీ ఇస్తే మాకు వేరే గ్లాసు. తాగి, కడిగి, చూరులో పెట్టి రావాలి. మా తాత మంచం మీద కూర్చుని ఉండగా ఆసామి ఆ దారినపోతే లేచి నిలబడేవాడు. ఇంట్లో ఎవరూ చూడకపోయినా, ఆసామి తల తిప్పకపోయినా లేచేవాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎంత ఎత్తున కూర్చోవాలి అన్నది మా జిల్లాలో ప్రాణాల మీదికి తెచ్చిన సంగతి. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతో మొదలైన గొడవ ఆగస్టు 6న ఎనిమిది మందిని బలి తీసుకుంది. నాకప్పుడు మూడేళ్ళు.

అందుకని ఆ పీటల వరస చూస్తే నా కళ్ళకి ఒక ఊరి భోజనాల కంటే వేరే ఏదో కనపడింది. అమ్మ కూర్చున్న ఎత్తునే ఊరంతా కూర్చుంది.

మా హోటల్ వెనక ఒక సందు. హెమ్ అంటారు. సైగాన్‌లో సగం బతుకు ఈ సందుల్లోనే. సందులో సందు, ఆ సందులో ఇంకో సందు, ఇంటి నెంబర్లు కూడా అడ్డగీతల మీద అడ్డగీతలు. బట్టలారేసిన తీగలు, తలుపు తీస్తే ఎదుటింటి పొయ్యి, పొద్దునే పాటలు. అమ్మ మొదటిరోజే "ఇది మన పల్లెనే" అని తేల్చేసింది. ఆ సందు మొదట్లో ఒకామె బొగ్గుల మీద పందిమాంసం కాలుస్తూ అన్నం అమ్ముతుంది. పళ్ళెంలో అన్నం, పైన కాల్చిన ముక్క, సన్నగా తరిగిన తోలు, గుడ్డుతో చేసిన ఒక అట్టుముక్క, దోసకాయ చెక్కలు, పక్కన చిన్న గిన్నెలో నుక్ మామ్ అనే చేపల రసం. 40 వేల డాంగ్‌లు, మన లెక్కలో 140 రూపాయల లోపే.

అమ్మ ముద్ద కలిపింది. వేళ్ళతో నలిపి చూసింది. మళ్ళీ చూసింది.

"అమ్మాయ్, ఇవి నూకలు."

నేను నమ్మలా. ఫోన్‌లో చూశా. నూకలే. కమ్ తమ్ అంటే నూకలన్నం అనే. మిల్లులో విరిగిన బియ్యాన్ని ఒకప్పుడు అక్కడ మెకాంగ్ వైపు పేద రైతులు వండుకునేవాళ్ళు, అమ్ముడుపోనివి కాబట్టి. తర్వాత అది పట్నమెక్కింది, ఇప్పుడు సైగాన్ పేరు చెబితే ముందు గుర్తొచ్చే తిండి అదే. పెద్ద హోటళ్ళలోనూ ఉంది. మంచి బియ్యం ఉన్నా నూకలే కావాలని అడిగి తింటారు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మమ్మ కామందుల ఇంట్లో వడ్లు దంచేది. బియ్యం లోపలికి, తవుడు గేదెలకి, నూకలు మా వాళ్ళకి. ఆ నూకలతో జావ, ఆ నూకలతోనే సంకటి. నూకల్లో రాయి వస్తే పంటి కింద తెలియదు, రాయీ అదే సైజు. రెండు రూపాయల బియ్యం వచ్చాక అమ్మ పట్టుబట్టి నూకలు ఇంట్లోకి రానివ్వలేదు. కోళ్ళకి వెయ్యడానికి కూడా కొనేది కాదు. మిత్రులారా, మనం నూకలు చెల్లాయని చావు గురించి అంటాం, ఫలానా ఇంట్లో నూకలు రాసిపెట్టి ఉన్నాయని బతుకు గురించి అంటాం. భాషలో ఇంత గౌరవం ఉన్న నూకలు పళ్ళెంలో మాత్రం పాలేరువి.

"ఈళ్ళు డబ్బులిచ్చి తింటన్నారు" అంది చివరికి. కోపమో, ఆశ్చర్యమో. పళ్ళెం ఖాళీ చేసి ఇంకో పళ్ళెం చెప్పమంది.

తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఇదొకటి చెప్పకుండా ఉండలేను. వాళ్ళ ప్రసిద్ధ జానపద కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, తమ్, కామ్. సవతి తల్లి ఆరళ్ళు పడేది తమ్. తమ్ అంటే నూకలు, కామ్ అంటే తవుడు. చివరికి రాణి అయ్యేది నూకలు.

పొద్దున పూట ఆవుమాంసం చారులో సేమ్యాలాంటివి వేసి ఇచ్చే ఫో. అది కూడా వీధి వీధినా. ఎముకలు రాత్రంతా మరిగిస్తారు. ఆ వాసన సందు మలుపులోనే తగులుతుంది. హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తియ్యాలంటే తలుపు గడియ వేసి, కిటికీ తెరిచి, అగరొత్తి వెలిగించేదాన్ని. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టి ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ స్కూలు యూనిఫాంలో ఒక పాప మా పక్కన కూర్చుని చారు జుర్రుకుంటూ లెక్కల పుస్తకం చూసుకుంటోంది. నేను ఆ గిన్నె ఫొటో తీశాను. ఇంకా ఎక్కడా పెట్టలేదు. రాస్తున్నాను కదా, అదే ధైర్యం అనుకోండి.

అసలు సంగతి రెండో రోజు జరిగింది.

అమ్మ ఊరి నుంచి హార్లిక్స్ సీసాలో పండుమిరప పచ్చడి తెచ్చింది. తనే కోసిన కాయ, తనే రోట్లో తొక్కింది. మొదటిరోజు బృందం మొత్తం దాని మీద పడింది. హోటల్లో ఇచ్చే చప్పిడి కూరల్లో అదే ప్రాణం. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి భార్య అమ్మ పక్కనే కూర్చుని "వదినగారూ, ఇది ఎట్లా తొక్కారో నాకు రాసియ్యాలి" అంది. అమ్మకి వదినగారూ అన్న పిలుపు ఎంత నచ్చిందో!

మర్నాడు కూచి సొరంగాలకి బస్సులో పోతున్నాం. ఆవిడ వెనక్కి తిరిగింది.

"పెదకాకానిలో ఎక్కడమ్మా మీది? గుడి దగ్గరా?"

"కాదండీ, హైవే పక్కన."

"పక్కనంటే ఎటువైపు? మావాళ్ళు ఉన్నార్లే అక్కడ. ఇంటిపేరేంటన్నారు?"

ఇంతవరకూ అనలేదు నేను. చెప్పాను. ఆవిడ "ఆహా" అంది. ఆ ఆహా ఎంత పొడుగుంటుందో ఇది చదివే వాళ్ళలో సగం మందికి తెలుసు. "చర్చికి వెళతారా?" అని ఇంకొకటి అడిగి, సమాధానం రాకముందే కిటికీ వైపు తిరిగింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర సీసా బల్ల మధ్యలో పెట్టింది అమ్మ. ఎవరూ మూత తియ్యలేదు. ఒకరికి గ్యాస్, ఒకరికి కారం పడట్లేదు, ఒకరికి కడుపు బాలేదు. ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. ఫిర్యాదు చెయ్యడానికేం లేదు, మూత తియ్యని సీసా తప్ప. వేల కిలోమీటర్ల అవతల, కులం అన్న మాటే లేని ఊళ్ళో, మా బస్సులో మేం ఒక ఊరు కట్టుకున్నాం. దాని చివర మా ఇద్దరి సీట్లు.

అమ్మ సీసా సంచిలో పెట్టుకుంది. "కారం ఎక్కువైందేమోలే" అంది. ఆమెకి తెలుసు. నాకు తెలుసని కూడా ఆమెకి తెలుసు.

తిరుగుదారిలో గైడ్‌ని అడిగాను, మీ ఇంటిపేరేంటని. న్గుయెన్ అన్నాడు. డ్రైవర్‌ది? న్గుయెన్. హోటల్లో తాళాలిచ్చే అమ్మాయిది? నవ్వాడు, న్గుయెన్. దేశంలో పదిమందిలో ముగ్గురు నలుగురిది అదే ఇంటిపేరు. 1802 నుంచి 1945 దాకా ఏలిన రాజుల వంశం పేరది. అంతకుముందూ ఒక రాజవంశం పోయి ఇంకోటి వచ్చినప్పుడల్లా, బలవంతానో భయానో జనం పేర్లు మార్చుకున్నారు. ఇంటిపేరు విని అక్కడ ఎవరూ ఏమీ తెలుసుకోలేరు.

మరి కొత్తవాళ్ళు కలిస్తే ముందు ఏం అడుగుతారన్నాను. వయసు అన్నాడు. వాళ్ళ భాషలో నువ్వు, మీరు అని ఊరికే అనడం కుదరదట. ఎదుటి మనిషి అక్కో, చెల్లో, పిన్నో, తాతో తేలాలి, అప్పుడే మాట మొదలవుతుంది. అందుకని మొహమాటం లేకుండా వయసు అడుగుతారు. మనమూ అడిగేది దానికే కదా, ఎట్లా పిలవాలో తేల్చుకోవడానికే. కాకపోతే మనం ఊరు, వీధి, ఇంటిపేరు అడుగుతాం. మా తాతకి డెబ్బై ఏళ్ళప్పుడు ఆసామి మనవడు, మీసం రాని పిల్లాడు, "ఒరేయ్" అని పిలిచాడు. వయసు ఆ లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రం నూకలన్నం ఆమె ఫోన్‌లో ఏదో మాట్లాడి అమ్మ మొహం ముందు పెట్టింది. తెలుగులో వచ్చింది: మీ వయసు ఎంత? అమ్మ వేళ్ళతో 61 చూపించింది. ఆమెకి 58. వెంటనే "చి" అని అమ్మని పిలిచింది. చి అంటే అక్క. అప్పటి నుంచి ప్రతి మాటకీ ముందు చి. అమ్మ సీసా తీసింది. ఆమె వేలితో కాస్త అద్దుకుని నాలుక మీద రాసుకుంది. కళ్ళల్లో నీళ్ళు, దగ్గు, నవ్వు. సందులో ఇంకో ఇద్దరిని కేకేసి వాళ్ళకీ రుచి చూపించింది. అమ్మ సీసా ఆమెకే ఇచ్చేసింది.

మారియమ్మన్ గుడి సంగతి క్లుప్తంగా. ఫ్రెంచి వాళ్ళ కాలంలో తమిళ వ్యాపారులు కట్టించిన గుడి, ఊరి నడిబొడ్డున. మన దగ్గర మారెమ్మ, పోలేరమ్మ ఊరి చివర దేవతలు, మాకు బాగా దగ్గరివాళ్ళు. అక్కడ వచ్చే భక్తుల్లో ఎక్కువమంది వియత్నాం వాళ్ళే. గుడి వెనక రాతి గోడకి నుదురు ఆనించి, గుసగుసగా అమ్మవారికి మొర చెప్పుకుంటున్నారు. మా బృందంలో ఒకాయన అన్నాడు, "పందిని తిని నేరుగా వచ్చేస్తున్నారు, లోపలికెట్లా రానిస్తారో." అమ్మ పక్కనే ఉంది. "అమ్మోరు అడగలేదు గదా" అని, తను ప్రార్థన చేసుకునే మనిషైనా వెళ్ళి ఆ గోడకి చెవి ఆనించి చూసింది.

మూడో రోజు మేమిద్దరం బృందాన్ని వదిలేశాం. కొత్త మెట్రో 2024 డిసెంబర్ 22నే మొదలైంది, బెన్ తాన్ నుంచి సువోయ్ తియన్ దాకా 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ, 14 స్టేషన్లు. మొదటి నెల టికెట్ లేదు. జనం పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నారు. అమ్మ ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగింది.

తర్వాత యుద్ధ అవశేషాల మ్యూజియం. 1975 సెప్టెంబర్‌లో, యుద్ధం ముగిసిన నాలుగైదు నెలలకే తెరిచారు. ముంగిట్లో అమెరికా విమానాలు, ట్యాంకులు. మా వాళ్ళంతా వాటి ముందు ఫొటోలు దిగి వెళ్ళారని తర్వాత తెలిసింది. లోపల ఒక గది ఏజెంట్ ఆరెంజ్‌కి. అమ్మ చదవలేదు, ఫొటోలు చూస్తూ పోతోంది. ఎండిన అడవి. విమానాల కింద నుంచి పొగలా దిగుతున్న తుంపర. వంకర తిరిగిన చేతులతో పిల్లలు. ఆగిపోయింది.

"మందు కొట్టారా?"

పత్తిచేలో, మిరపచేలో మేం వాడే మాట అదే. అవునమ్మా అన్నాను.

"చేలకా, మడుసులకా?"

"అడవులకి, చేలకి. కింద మనుషులున్నారు."

1961 నుంచి 1971 దాకా కొట్టారు. అన్ని రకాలూ కలిపి ఏడు కోట్ల లీటర్లకు పైగా. పీపాల మీద నారింజ రంగు పట్టీ ఉండేది కాబట్టి ఆ మందుకి ఆ పేరు. అందులోని డయాక్సిన్ మట్టిలో, నీళ్ళలో, ఒంట్లో నిలిచిపోయింది. మన పురుగుమందు డబ్బాల మీదా రంగు గుర్తు ఉంటుంది, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపంటే అన్నిటికంటే విషం. చదువు రాని కూలీకి తెలియాలని పెట్టిందట. నాన్నకి ఆ రంగుల అర్థం ఎవరూ చెప్పలేదు. నాన్న మందు కొట్టే కూలి. 1987–88లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి సర్వనాశనమైనప్పుడు, రైతులు అప్పులకి ప్రాణాలు తీసుకున్నప్పుడు, ఆ దోమ మీద ఎన్ని రకాల మందులు కలిపి కొట్టించారో. మూతికి తువ్వాలు, వీపున డబ్బా, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ రైతుల గురించి కవితలొచ్చాయి, నేను పాఠం చెబుతాను. వీపున డబ్బా మోసిన వాడి గురించి రావడానికి చాలా కాలం పట్టింది. నాన్న 2003లో పోయాడు. మందు వల్ల అని ఎవరూ రాసివ్వలేదు.

అమ్మ ఆ గదిలో బెంచీ మీద కూర్చుంది, అరగంట. నేనూ కూర్చున్నాను. నా థీసిస్‌లో వియత్నాం అన్న మాట ఎన్నిసార్లు రాశానో. అమ్మ అడిగిన మాట నాకెన్నడూ తట్టలేదు.

ఇదంతా చదివి వియత్నాం స్వర్గమని అనుకోవద్దు. కొండజాతుల వాళ్ళని మైదానం వాళ్ళు 'మొయ్' అని ఈసడించేవాళ్ళు, అడవిమనుషులని దాని అర్థం. ఆ మాట ఇంకా పూర్తిగా చావలేదని గైడ్ గొంతు తగ్గించి చెప్పాడు. ఒకే పార్టీ రాజ్యం, పత్రికలకి నోరు లేదు. నేను పొంగిపోయిన ఆ పీటలకీ నిలకడ లేదు. 2017లో ఒకటో జిల్లా ఉపాధ్యక్షుడు దోన్ న్గోక్ హాయ్ ఫుట్‌పాత్‌లన్నీ ఖాళీ చేయించి దాన్ని చిన్న సింగపూర్ చేస్తానని బయల్దేరాడు. మెట్లు పగలగొట్టించాడు, బండ్లు ఎత్తించాడు. మరుసటి ఏడాది మొదట్లోనే రాజీనామా ఇచ్చాడు, పీటలు తిరిగొచ్చాయి. కానీ పోలీసు బండి కనపడితే ఒక్క నిమిషంలో సందులోకి మాయమవుతాయి. మా నూకలన్నం ఆమె కూడా అట్లా ఒకసారి పళ్ళేలు చంకనెత్తుకుని పరిగెత్తింది. అమ్మ ఎవరూ చెప్పకుండానే రెండు పీటలు పట్టుకుని ఆమె వెనక పరిగెత్తింది.

చివరిరోజు పొద్దున ఐదున్నరకి బస్సు. చీకట్లోనే అమ్మ సందులోకి పోదాం రమ్మంది. ఆమె అప్పుడే బొగ్గులు రాజేస్తోంది. అమ్మని చూసి లోపలికెళ్ళి మా హార్లిక్స్ సీసా తెచ్చింది. శుభ్రంగా కడిగి ఉంది. ఖాళీది కాదు. ఎర్రగా ఉప్పూ కారం కలిపి నూరిన పొడి నింపి ఉంది, వాళ్ళు పచ్చి మామిడికాయ ముక్కలతో అద్దుకు తినేది. అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా పల్లెలో అంటారు. అమ్మ మూత తీసి వాసన చూసి, "కాయకి మనంత ఘాటు లేదు" అని నాతో అని, ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది.

బస్సులో సీసా ఒళ్ళోనే పెట్టుకుంది. విమానాశ్రయం దగ్గర పడుతుండగా హెడ్మాస్టారి భార్య వెనక్కి తిరిగింది. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"ఏంటది, ఇక్కడ కొన్నారా?"

"కొనలా" అంది అమ్మ. "మా చెల్లెలిచ్చింది."